ఎవరూ సమీక్షించని పుస్తకాన్ని సమీక్షించడం ఎలా?

ఏటా జనవరి మొదటి రోజుల్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లినవారు ఈ దృశ్యాన్ని చూసే ఉంటారు. పెద్ద ప్రచురణ సంస్థల దుకాణాల ముందు జనం కిక్కిరిసి ఉంటే, లోపలి వరుసల్లో ఎక్కడో ఒక చిన్న బల్ల మీద ఒకే ఒక పుస్తకం ప్రతులను దొంతరగా పేర్చుకుని, దాన్ని రాసిన మనిషే వెనక కుర్చీ వేసుకుని కూర్చొని ఉంటారు. సొంత డబ్బుతో ఐదువందలో వెయ్యో ప్రతులు అచ్చు వేయించుకున్న ఆ రచయిత పుస్తకాన్ని మీరు కొని, చదివి, దాని గురించి రాయాలనుకున్నారనుకుందాం. పేరున్న రచయిత నవలకు పది సమీక్షలు వస్తాయి గనుక మీరు తొందరపడి ఒక మాట తప్పుగా రాసినా మిగిలిన తొమ్మిది దాన్ని సరిదిద్దుతాయి. ఈ పుస్తకానికి మాత్రం బహుశా మీరు రాసేది ఒక్కటే సమీక్ష అవుతుంది. రేపు ఎవరైనా ఆ పుస్తకం పేరు విని వెతికితే మీ మాటే దొరుకుతుంది. అందువల్ల తీర్పు చెప్పడం కన్నా ముందు, ఆ పుస్తకంలో ఏముందో ఉన్నది ఉన్నట్టు చెప్పగలగడం ఇక్కడ సమీక్షకుడు నేర్చుకోవలసిన పని. కింద చెప్పేదంతా ఆ పనికి ఉపయోగపడే పద్ధతే.

పుస్తకాన్ని సంపాదించుకోవడం

వీలైనంతవరకు పుస్తకాన్ని కొనండి. రెండు వందల రూపాయల పుస్తకాన్ని ఊరికే తీసుకున్నప్పుడు మన మీద పడే మొహమాటం ఆ రెండు వందలకు ఎన్నో రెట్లు ఉంటుంది. సమీక్ష కోసం పత్రికలకు రెండేసి ప్రతులు పంపే ఆనవాయితీ మనకు చాలాకాలంగా ఉన్నదే. మీరు సొంతంగా రాస్తున్నప్పుడు ఒక ప్రతి చాలు, అది ఉచితంగా వచ్చిందైతే ఆ సంగతిని సమీక్షలోనే ఒక వాక్యంలో చెప్పాలి. రచయిత మీకు బంధువైనా, కలిసి పనిచేసినవారైనా, ఆవిష్కరణ సభలో మీరూ వేదిక మీద కూర్చున్నా అదీ చెప్పాలి. డబ్బు తీసుకుని మాత్రం రాయకండి. ఆన్‌లైన్ సమీక్షల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో తెచ్చిన ఐఎస్ 19000 ప్రమాణం కూడా డబ్బిచ్చి రాయించుకున్న సమీక్షలను ప్రచురించకూడదనే చెబుతోంది.

ఇటువంటి పుస్తకాలు దొరికే చోట్లు మన ఊళ్లో కొన్ని ఉన్నాయి. 1989లో మొదలైన పుస్తక మహోత్సవం స్వరాజ్య మైదానాన్ని వదిలి వేరే ప్రాంగణాలకు మారినా లోపలి వరుసల్లోని చిన్న బల్లలు మాత్రం తప్పకుండా ఉంటాయి. ఏలూరు రోడ్డు పుస్తకాల దుకాణాల్లో అడిగితే బల్ల కింద ఉన్న కట్ట విప్పి చూపిస్తారు. ఆవిష్కరణ సభలకు వెళితే సగం ధరకే ఇస్తారు, అయితే అక్కడ వినే ఉపన్యాసాలు మీ చదువును ప్రభావితం చేయకుండా చూసుకోవాలి. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు అమ్మేచోట ఏడాది కూడా నిండని కవితా సంపుటాలు కనబడుతుంటాయి. మొదటి పుటలో ‘ఆత్మీయులు ఫలానా వారికి, ప్రేమతో’ అని రచయిత సంతకం, లోపల ఒక్క పుట కూడా నలగకుండా ఉన్న కాగితం చూసినప్పుడు ఆ ఆత్మీయుల సంగతి మనకు అర్థమవుతుంది. అటువంటి ప్రతిని నేను వదిలిపెట్టకుండా కొంటాను.

చదవడానికి ముందు, చదివేటప్పుడు

ముందుగా చూడవలసింది ముద్రణ వివరాలున్న పుట. ప్రథమ ముద్రణ ఏ నెలలో జరిగింది, ఎన్ని ప్రతులు వేశారు, వెల ఎంత, ఇందులోని రచనలు ఇంతకుముందు ఏయే పత్రికల్లో వచ్చాయి, ‘ప్రతులకు’ అన్నచోట ఎవరి చిరునామా ఉంది అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) ఉంటే 13 అంకెలతో, మన దేశంలో 978-81తో గాని 978-93తో గాని మొదలవుతుంది. దరఖాస్తు చేసుకున్న రచయితలకు దాన్ని ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది గనుక ఆ సంఖ్య ఉండడం నాణ్యతకు గుర్తు కాదు, లేకపోవడం లోపమూ కాదు.

ఆ తర్వాత ముందుమాటలన్నింటినీ దాటేయండి. ఈ ఒక్క సలహా పాటించినా మీ సమీక్ష సగం బాగుపడుతుంది. మన పుస్తకాలకు ఒక ముందుమాట చాలదు. ఒక ఆచార్యుడిది, ఒక సంపాదకుడిది, ఒక మిత్రుడి ఆప్తవాక్యం, చివర రచయిత ‘నా మాట’ కలిపి ఇరవై పుటలు తేలికగా అవుతాయి. తెలుగులో వచ్చే సమీక్షల్లో చాలావాటిని ఈ ఇరవై పుటల నుంచే రాశారని పుస్తకం చదివినవారికి ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే ముందుమాట మెచ్చుకున్న మూడు కథలే సమీక్షలోనూ అదే వరుసలో మెరుస్తాయి. పుస్తకం పూర్తిచేసి, మీ అభిప్రాయం కాగితం మీద పెట్టిన తర్వాత ముందుమాటలు చదవండి. అప్పుడు వాటితో మీరు ఎక్కడ విభేదిస్తున్నారో కనబడుతుంది, సమీక్షకు ఒక్కొక్కసారి మంచి ప్రారంభం అక్కడే దొరుకుతుంది.

చదివేటప్పుడు పెన్సిలు దగ్గర పెట్టుకుని, రెండు చీటీల మీద పుట సంఖ్యతో సహా రెండు రకాల గుర్తులు విడివిడిగా రాసుకోవాలి. మొదటి రకం పుస్తకంలో ఉన్నవాటికి: పాత్రలు, చోట్లు, కాలం, ఎవరి గొంతుతో చెబుతున్నారు, మాండలికం ఏ ప్రాంతానిది. రెండో రకం మీకు జరిగినవాటికి: ఇక్కడ నవ్వొచ్చింది, ఇక్కడ రెండు పుటలు దాటేశాను, ఇక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను. రాయడానికి కూర్చున్నప్పుడు ఈ రెండు చీటీలను పక్కపక్కన పెట్టి చూస్తే, రెండో చీటీలో ఉన్న ప్రతి అనుభవానికీ మొదటి చీటీలో కారణం వెతకడమే మీ పని అవుతుంది. ఎనభయ్యో పుట దగ్గర మీరు ఎందుకు ఆగిపోయారు? అక్కడ కొత్త పాత్రలు ఒకేసారి ఐదుగురు వచ్చి ఉండవచ్చు, లేదా ఆ రోజు మీ ఇంట్లో పెళ్లి పనులు ఉండి ఉండవచ్చు. రెండో సందర్భంలో తప్పు పుస్తకానిది కాదు గనుక ఆ భాగాన్ని మళ్లీ చదవాలి.

ఏ పుస్తకాన్ని ఏ కొలతతో చూడాలి

కథల పుస్తకంతో మొదలుపెడదాం, ఎక్కువగా చేతికి వచ్చేవి అవే. ఒకే రచయిత కథలైతే సంపుటి అనీ, పలువురివైతే సంకలనం అనీ అనడం అలవాటు, ఈ తేడాను పాటించండి. పుస్తకంలో కథలు అచ్చయిన వరుస, అవి రాసిన వరుస సాధారణంగా ఒకటి కాదు. ప్రతి కథ చివరా ఉండే తేదీలను బట్టి మీరు వాటిని కాలక్రమంలో పెట్టి మరొకసారి చూడండి. మొదటిసారి సగటుగా కనిపించిన సంపుటిలో, పదేళ్ల కిందటి కథలో సంభాషణలన్నీ ఉపన్యాసాల్లా ఉంటే, నిరుడు రాసిన కథలో తల్లీకూతుళ్లు పప్పు రుబ్బుతూ మూడు మాటల్లో తేల్చేసుకోవడం కనబడవచ్చు. ఎదుగుతున్న రచయిత అని ఊరికే అనే బదులు ఆ ఎదుగుదలను ఈ రెండు కథల మధ్య చూపించవచ్చు. పన్నెండు కథలనూ తలా రెండు వాక్యాల్లో పరిచయం చేయడం మాత్రం వద్దు, అది విషయసూచికను తిరగరాయడమే అవుతుంది. బాగా కుదిరిన రెండిటిని, కుదరని ఒకదాన్ని ఎంచుకుని లోతుగా చూడండి.

ఊరి చరిత్రలు కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో విశ్రాంత ఉపాధ్యాయులు, ఉద్యోగులు రాసి ప్రచురించుకునే పుస్తకాల్లో ముఖ్యమైనవి, సమీక్షకులు బొత్తిగా పట్టించుకోనివి. వీటిని సాహిత్యపు తక్కెడలో పెట్టి తూచడం వల్ల ప్రయోజనం లేదు. శైలి పేలవంగా ఉన్నా చెరువుల పేర్లు, పొలాల పేర్లు, ఏ సంవత్సరపు ఉప్పెనకు ఎవరు ఎక్కడికి వలసపోయారు, బడి ఎవరి అరుగు మీద మొదలైంది అన్న సంగతులు మరే పుస్తకంలోనూ ఉండవు. రచయిత దేన్ని ఆధారం చేసుకున్నారో చూడండి: శాసనమా, కంపెనీ కాలపు అధికారి మెకంజీ సేకరింపజేసిన కైఫీయతా (గ్రామ వృత్తాంతం), బడి రికార్డా, తాతగారు చెప్పిన మాటా? తాతగారి మాట కూడా ఆధారమే, కాని అది తాతగారి మాట అని పుస్తకం చెప్పిందా లేదా అన్నది మీరు పాఠకుడికి చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఊరి చరిత్రలో ఊరంతా ఉందా, ఒక వీధే ఉందా అన్నది పరిశీలించండి. మూడు వందల పుటల్లో రెండు వందల పుటలు నాలుగు కుటుంబాల వంశవృక్షాలకే పోయి, ఊరి చివర పేటలకు ఒక్క పేరా దక్కితే ఆ లెక్కను లెక్కగానే రాయండి, విశేషణాలు అక్కర్లేదు.

పద్యకావ్యమో శతకమో వచ్చినప్పుడు ఛందస్సు తెలియకపోతే తెలిసినవారి పక్కన కూర్చుని చదవండి. ఉత్పలమాలకు పదో అక్షరం, చంపకమాలకు పదకొండో అక్షరం, శార్దూలానికి పదమూడో అక్షరం, మత్తేభానికి పద్నాలుగో అక్షరం యతిస్థానాలని తెలిస్తే ప్రాథమికంగా సరిచూడగలరు. ఆటవెలదికీ తేటగీతికీ ప్రాస నియమం లేదు గనుక అక్కడ ప్రాస తప్పిందని రాసి నవ్వుల పాలు కాకండి. గణాలు సరిపోయినంత మాత్రాన పద్యం అయిపోదన్నది వేరే సంగతి. వచన కవిత్వంలో ఒక కవితను బిగ్గరగా చదివి చూడండి, పంక్తులను విరిచినచోట ఊపిరి ఆగుతుందా, లేక వాక్యాన్ని ముక్కలు చేసి పేర్చారా అన్నది చెవికి తెలుస్తుంది. నానీలనే చిట్టి కవితలైతే నాలుగు పాదాల్లో ఇరవై నుంచి ఇరవై ఐదు అక్షరాలలోపు ఉండాలన్న నియమం ఒకటుంది.

దెయ్యం కథను, అపరాధ పరిశోధనను, శాస్త్ర కల్పనను ‘దీని సామాజిక ప్రయోజనం ఏమిటి’ అని నిలదీసే అలవాటు మన సమీక్షల్లో పాతుకుపోయింది. దెయ్యం కథ చేయవలసిన మొదటి పని భయపెట్టడం. భయం వేసిందా, ఎక్కడ వేసింది, ఎక్కడ ఆవిరైపోయింది అన్నది చెప్పండి. అపరాధ పరిశోధన నవలలో హంతకుడి పేరు దాచి, వాడిని పట్టించిన ఆనవాలు పాఠకుడి కళ్లముందు ముందే పడిందా లేదా అన్నది వెనక్కి తిరిగి చూడండి. చివరి అధ్యాయంలో హఠాత్తుగా ఊడిపడితే అది మోసమే, ఎక్కడ ఊడిపడిందో చెప్పకుండానే మోసమని చెప్పవచ్చు. శాస్త్ర కల్పనలో రచయిత తానే పెట్టుకున్న నియమాలను తాను పాటించారా అన్నది చూస్తే చాలు.

అచ్చుతప్పులు, నిజం తప్పులు

సొంతంగా అచ్చు వేయించుకున్న తెలుగు పుస్తకంలో అచ్చుతప్పులు ఉంటాయన్నది ముందే ఒప్పుకుని చదవాలి. రచయిత చేతిరాతను డీటీపీ చేసేవారు ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కొట్టి, దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ ప్రెస్సు కోసం ఇంకొక రూపంలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, అక్షరాలు తారుమారవుతాయి. ప్రూఫులు చూసేది రచయితే గనుక తాను రాసినది తనకు సరిగ్గానే కనబడుతుంది. పుస్తకమంతటా ‘ళ’ ఉండవలసినచోట ‘ల’ ఉంటే అది రచయిత పలుకుబడి కావచ్చు, ఒక్క పుటలోనే ఒత్తులు లేకపోతే అది కంప్యూటరు చేసిన పని. అచ్చుతప్పుల పట్టిక సమీక్షలో పెట్టకండి. అర్థం మారిపోయేంత తప్పులు ఉంటే ఒక వాక్యంలో చెప్పి, మిగతావి రచయితకు విడిగా ఉత్తరం రాయండి, రెండో ముద్రణకు పనికొస్తాయి.

నిజాల తప్పులు వేరు. 1946లో జరిగే నవలలో నాయకుడు ప్రకాశం బ్యారేజీ మీదుగా సీతానగరం వైపు నడిచి వెళితే అది తప్పే, ఎందుకంటే ఆ బ్యారేజీ 1957లో వచ్చింది, అంతకుముందు అక్కడ ఉన్నది పంతొమ్మిదో శతాబ్దపు ఆనకట్ట. అయితే తప్పు పట్టే ముందు మన జ్ఞానాన్ని కూడా సరిచూసుకోవాలి. ఒక నవలలో 1955లో ఒక రైతు భూమి తగాదా మీద గుంటూరులో హైకోర్టుకు వెళతాడు. గుంటూరులో హైకోర్టు ఏమిటని నేను పెద్ద ఆశ్చర్యార్థకంతో చీటీ మీద రాసుకుని, సమీక్ష చిత్తుప్రతిలో ఒక పేరా కూడా పెట్టేశాను. పంపే ముందు సరిచూద్దామన్న బుద్ధి పుట్టడం నా అదృష్టం: ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలైతే, హైకోర్టు 1954 జులై నుంచి, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తర్వాత 1956 నవంబరులో హైదరాబాదుకు తరలే వరకు గుంటూరులోనే ఉంది. రచయిత ఆ రైతుతో సరిగ్గానే ప్రయాణం చేయించారు, నేనే దారి తప్పాను. అప్పటినుంచి తేదీలూ చోట్లూ ఉన్న ప్రతి అభ్యంతరాన్నీ పుస్తకం తెరిచి చూసిన తర్వాతే రాస్తున్నాను. గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయంలో పాత పుస్తకాలు, పాత పత్రికలు దొరుకుతాయి గనుక ఒక పూట అక్కడ గడిపితే ఇటువంటి సందేహాలు చాలావరకు తీరతాయి.

రాయడం

మొదటి పేరాలో పుస్తకం పేరు, అది ఏ ప్రక్రియ, ఎవరి గురించి, ఏ చోటి గురించి అన్నవి రావాలి. రచయిత జీవిత చరిత్రతో మొదలుపెట్టకండి. ఎవరికీ తెలియని రచయిత గనుక పరిచయం చేయాలనిపిస్తుంది గాని, పాఠకుడు ఆయనను పుస్తకంలో కలుసుకుంటే చాలు. నవల కథను మొదటి మూడోవంతు వరకు చెప్పవచ్చు, అక్కడి నుంచి ఏమి జరుగుతుందన్నది పుస్తకానికే వదిలేయాలి.

మన సమీక్షల్లో ఊరికే వాడే మాటలు కొన్ని ఉన్నాయి: కలం నుంచి జాలువారిన, గుండెను తడిమే, ఆర్ద్రత నిండిన, సమాజానికి అద్దం పట్టే, ప్రతి ఒక్కరూ చదివి తీరవలసిన. వీటిలో ఏది మీ చిత్తుప్రతిలో కనబడినా దాన్ని కొట్టేసి, ఆ మాట రాయాలని మీకు ఎందుకు అనిపించిందో ఆ కారణాన్ని రాయండి. ఉదాహరణకు ‘ఈ కథలు మధ్యతరగతి జీవితాలకు అద్దం పడతాయి’ అని రాశారనుకోండి. దాని బదులు ‘పన్నెండు కథల్లో తొమ్మిది అద్దె ఇళ్లలోనే నడుస్తాయి, ఇంటి యజమానురాలు నీళ్ల మోటారు ఆపేసే వేళను బట్టే ఆ ఇళ్లలో వంటలూ స్నానాలూ తగాదాలూ జరుగుతాయి’ అని రాస్తే పాఠకుడికి పుస్తకం కళ్లకు కడుతుంది, మెచ్చుకోవడం దానంతటదే జరిగిపోతుంది. లోపం చెప్పేటప్పుడూ ఇదే పద్ధతి. ‘రచయితకు ముగింపులు చేతకావు’ అన్నది మనిషి మీద తీర్పు. ‘ఏడు కథలు ఎవరో ఒకరి మరణంతోనే ముగుస్తాయి, నాలుగో కథకు వచ్చేసరికి పోయేది ఎవరో పాఠకుడు ముందే ఊహిస్తాడు’ అన్నది లెక్క, ఎవరైనా పుస్తకం తెరిచి సరిచూసుకోవచ్చు. మొదటి పుస్తకం కదా అని లోపాలను మింగేయడమూ, ఎవరూ అడిగేవారు లేరు కదా అని చీల్చి చెండాడటమూ రెండూ ఆ పుస్తకాన్ని సరిగా చదవకపోవడం కిందికే వస్తాయి.

ప్రతి ప్రధానమైన మాటకూ పుస్తకం నుంచి రెండు మూడు వాక్యాలు పుట సంఖ్యతో ఉటంకించండి. పాఠకుడు మీ అభిప్రాయాన్ని పక్కన పెట్టి ఆ వాక్యాల మీదే తన అభిప్రాయం ఏర్పరచుకోగలగాలి. సమీక్ష కోసం న్యాయమైన మేరకు ఉటంకించడాన్ని 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది. అయితే ఆరు పంక్తుల కవితను ఆరు పంక్తులూ ఎత్తి రాయడం ఉటంకించడం కాదు, పునర్ముద్రించడం. ఎత్తి రాసిన మాటలను పుస్తకంతో అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి, అచ్చుతప్పులపై ఫిర్యాదు చేసే సమీక్షలోనే ఉటంకింపులు తప్పుగా ఉండడం నేను చాలాసార్లు చూశాను.

నిడివి ఆరేడు వందల మాటలు చాలు. సమీక్ష చివర పుస్తకం పేరు, ప్రక్రియ, పుటలు, వెల, ప్రతులు దొరికే చోటు ఇవ్వాలి. రచయిత ఫోను నంబరు పుస్తకంలో అచ్చయి ఉంటేనే ఇవ్వండి, అదీ ఒకసారి అడిగి ఇవ్వడం మంచిది.

రచయితతో

చిత్తుప్రతిని రచయితకు చూపించి ఆమోదం తీసుకోకండి. ఒక తేదీనో, ఒక కథ మొదట ఏ పత్రికలో వచ్చిందనో అడగవలసి వస్తే అంతవరకే అడగండి. సమీక్ష వెలువడిన మర్నాడు ఫోను వస్తుంది, రాకుండా ఉండదు. ‘మాస్టారూ, అంతా బాగానే రాశారు గాని ఆ ఏడు చావుల సంగతి రాయకపోతే ఏం పోయిందండీ?’ అని ఒకాయన నన్ను అడిగారు. ‘లెక్క తప్పితే చెప్పండి, దిద్దుతాను’ అన్నాను. ఆయన కాసేపు ఆగి, ‘తప్పలేదు లెండి, ఎనిమిది’ అన్నారు. పుస్తకం మళ్లీ తీసి చూస్తే, చివరి కథలో వార్త రూపంలో వచ్చిన ఒక మరణాన్ని నేను గమనించలేదు. సమీక్షలో ఏడును ఎనిమిదిగా దిద్ది, దిద్దిన సంగతి కింద రాశాను. మీరూ అలాగే చేయండి, దిద్దిన తేదీ వేయండి.

ఆ తర్వాత ఆర్నెల్లకో ఏడాదికో ఒకసారి మీ పాత సమీక్షలను తిరగేసి, ‘ప్రతులకు’ కింద ఇచ్చిన చిరునామా ఇంకా పనిచేస్తున్నదేమో కనుక్కోండి. ప్రతులు అయిపోయి ఉంటే ఆ సంగతి రాసి, మీ దగ్గరున్న ప్రతిని అడిగినవారికి చదవడానికి ఇవ్వగలరేమో కూడా రాయండి.